యొప్పేలో తోలు వాసన దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నువ్వు పంపిన 14 పేజీలూ రెండుసార్లు చదివాను. ఆదిమ క్రైస్తవ సంఘం ఎలా పెరిగిందో, సువార్త అన్యజనుల దాకా, అంటే యూదులు కానివాళ్ల దాకా, ఎలా వెళ్లిందో రాయాలని కూర్చున్నావు, చాలా సంతోషం. కానీ పెంతెకొస్తు రోజున మూడు వేలమంది, తర్వాత ఐదు వేలు, పౌలు మొదటి ప్రయాణం, రెండోది, మూడోది అంటూ లెక్కలు, ఊళ్ల పేర్లు చెప్పుకుంటూ పోయావు. ఇన్ని పేజీల్లో ఒక్కరూ భోజనానికి కూర్చోలేదు. నాకు అదే పెద్ద వెలితి, ఎందుకంటే ఆ తొలి ఇరవై ఏళ్ల గొడవలో సగం ఎవరు ఎవరింట్లో తినొచ్చు అన్నదాని గురించే.

యొప్పే ఊళ్లో యేసు శిష్యుడు పేతురు దిగిన ఇల్లు చూడు. సముద్రం పక్కన, చర్మకారుడైన సీమోను ఇల్లు. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. పచ్చి తోళ్లు నానబెట్టే చోట గాలి ఎలా ఉంటుందో ఎప్పుడైనా వెళ్లి చూశావా? యూదుల ధర్మ నియమాల సంకలనం మిష్నా కొంత తర్వాతి కాలంలో కూర్చింది, అందులో ఆ పని ఊరికి 50 మూరల దూరంలో చేయాలని రాసుంది. అలాంటి ఇంటి మిద్దె మీద, మిట్టమధ్యాహ్నం, కింద వంట ఇంకా కాలేదు, పేతురుకి ఆకలి. ఆకాశం నుంచి రకరకాల జంతువులున్న దుప్పటి లాంటిది దిగి, చంపుకుని తినమని స్వరం వినిపిస్తే, నిషిద్ధమైనది నేనెన్నడూ తినలేదు ప్రభువా అంటాడు. ఆ మాట ఎవరి మిద్దె మీద నిలబడి అంటున్నాడో గమనించు. అంతలో రోమా శతాధిపతి కొర్నేలీ పంపిన మనుషులు వాకిట్లోకి వచ్చారు, పేతురు వాళ్లను లోపలికి పిలిచి ఆ రాత్రికి ఆతిథ్యమిచ్చాడు. కైసరయలో కొర్నేలీ ఇంట్లో బాప్తిస్మాలు ఆ తర్వాతి సంగతి. ముందు తెరుచుకున్నది ఈ తలుపు.

ఈ ఇల్లు మన పాఠకులకు వివరించక్కర్లేదు. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది తోలు పని చేసే మాదిగలే. మిషనరీ క్లౌ పేరు అందరికీ గుర్తుంది. ఊరూరా తిరిగి తమవాళ్లకు చెప్పిన ఎర్రగుంట్ల పేరయ్య లాంటి వాళ్ల పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి? సిరియాలోని అంతియొకయ పట్టణంలోనూ అంతే. యెరూషలేములో విశ్వాసి స్తెఫనును రాళ్లతో కొట్టి చంపాక చెదిరిపోయినవాళ్లలో కుప్ర, కురేనే ప్రాంతాల మనుషులు కొందరు అక్కడికి వెళ్లి గ్రీకువాళ్లతో మాట్లాడారు, శిష్యులను మొదట క్రైస్తవులన్నదీ ఆ ఊళ్లోనే. ఆ మనుషుల పేర్లు అపొస్తలుల కార్యములు రాసిన లూకా రాయలేదు. నువ్వు వాళ్లను "కొందరు విశ్వాసులు" అని వదిలేయకు, కనీసం ఒక పేరా నిలబెట్టు.

ఇంకో మాట, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నా. సంఘంలో చేరే అన్యజనులకూ సున్నతి కావాలన్న యూదు విశ్వాసులను నువ్వు మూర్ఖుల్లా రాశావు, అది తప్పు. క్రీ.పూ. 167లో యూదులను ఏలుతున్న గ్రీకు రాజు అంతియొకస్ సున్నతిని నిషేధించాడు, బిడ్డలకు చేయించిన తల్లులను చంపించాడు, పంది మాంసం ముట్టని వాళ్లను హింసించాడు. ముత్తాతలు ప్రాణాలిచ్చి కాపాడుకున్నదాన్ని ఇప్పుడు అక్కర్లేదంటే ఎవరికైనా కడుపులో దేవినట్టు ఉండదా? క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్దలు కూర్చున్నది ఆ బాధను ఎదురుగా పెట్టుకునే. సున్నతి అక్కర్లేదన్నారు. మానుకోమన్నవి నాలుగు, అందులో మూడు తిండికి సంబంధించినవే: విగ్రహాలకు అర్పించినది, రక్తం, గొంతు పిసికి చంపినది. యూదులూ అన్యజనులూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి ఎంత అవసరమో అంతే అడిగారని నేను చదువుకుంటాను.

ఇక అంతియొకయలో పేతురు భోజనం మీంచి వెనక్కి తగ్గిన ఘట్టం నువ్వు అసలు రాయనే లేదు. భయపడ్డావేమో, పెద్దాయన తప్పు ఎలా రాయాలని. రాయి తమ్ముడూ. అన్యజనులతో రోజూ తిన్నవాడు యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే వేరుగా కూర్చున్నాడు, చివరికి పౌలు తోటి పనివాడు బర్నబా కూడా అటే జరిగాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. పేతురు ఏమని జవాబిచ్చాడో, ఈ సంగతి చెప్పే పౌలు గలతీ పత్రికలో లేదు, నువ్వూ కల్పించకు. ఆ పూట అన్నం ముందు ఒంటరిగా మిగిలిన గ్రీకు విశ్వాసి వైపు నుంచి రాసి చూడు. ఆ రెండు పేజీలు ముందు పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

నీ అన్నయ్య