మూడు కంపెనీల మెషిన్లు, ఒకటే జత వైర్లు

ప్రశ్న: మాది సుల్తానాబాద్ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. డ్రయ్యర్ టెంపరేచర్ కంట్రోలర్ ఒక కంపెనీది, తూకం ఇండికేటర్ ఇంకో కంపెనీది, ఎలివేటర్ మోటార్ స్పీడు మార్చే వీఎఫ్‌డీ మూడో కంపెనీది. మూడింటికీ ఆర్ఎస్-485, మోడ్‌బస్ ఉన్నాయని చూసే కొన్నాం. ఆఫీసులో ఒకే స్క్రీన్ మీద చూద్దామంటే టెంపరేచర్ ఒక్కటే పెడితే వస్తోంది, తూకం కలపగానే రెండూ పోతున్నాయి. తూకం ఒక్కటే పెడితే కోట్లలో ఏదో అంకె. వీఎఫ్‌డీ అసలు పలకదు. ఎవరికి ఫోన్ చేసినా ‘మాది కరెక్టే సార్, అవతలి వాళ్లను అడగండి’ అంటున్నారు. కోతలు మొదలయ్యేలోపు ఇది తేలాలి, ఒకటే టెన్షన్.
- మిల్లు సూపర్‌వైజర్, పెద్దపల్లి జిల్లా

జవాబు: ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు, తిప్పలంతా అక్కడే. ఆర్ఎస్-485 అంటే వైరు సంగతి మాత్రమే, ఆ వైరు మీద మాట్లాడే పద్ధతి మోడ్‌బస్. 1979లో మోడికాన్ కంపెనీ తన సొంత పీఎల్‌సీల (మెషిన్లను నడిపే చిన్న కంప్యూటర్ల) కోసం చేసుకున్నది అది. అందులో తేల్చకుండా వదిలేసిన వాటిని ఒక్కో కంపెనీ తనకు నచ్చినట్టు పూరించుకుంది.

రెండూ కలిపితే పోతున్నాయంటే నా అనుమానం మొదట అడ్రస్ (లైన్ మీద ఒక్కో మెషిన్‌ను పిలిచే నంబరు) మీదే. ఫ్యాక్టరీ నుంచి చాలావరకు 1తోనే వస్తాయి, పిలిస్తే ఇద్దరూ ఒకేసారి పలుకుతారు, ఇక ఏ మాటా అర్థం కాదు. మెనూలోకి వెళ్లి 1, 2, 3 అని విడివిడిగా ఇవ్వండి.

ఇక కోట్ల తూకం. మోడ్‌బస్ రిజిస్టర్‌లో, అంటే మెషిన్ తన అంకె పెట్టుకునే గడిలో, పట్టేది 16 బిట్లే, తూకం 32 బిట్ల అంకె అయితే రెండు రిజిస్టర్లలో కూర్చుంటుంది. ఏ సగం ముందు అన్నది కంపెనీ ఇష్టం. మీ స్క్రీన్ సాఫ్ట్‌వేర్‌లో ‘వర్డ్ స్వాప్’ ఉంటే మార్చి చూడండి. అప్పటికీ తేడా ఉంటే రిజిస్టర్ నంబరు ఒకటి అటూ ఇటూ జరపండి, ఎందుకంటే మాన్యువల్‌లో 40001 అని ఉన్నది వైరు మీద 0గా వెళ్తుంది. ఈ ఒక్క అంకె కోసం నేను ఒక రాత్రంతా ప్యానెల్ ముందు కూర్చున్నా.

వీఎఫ్‌డీకి బాడ్ రేటు (డేటా వెళ్లే వేగం), పారిటీ (తప్పు పట్టడానికి చేర్చే అదనపు బిట్) చూడండి. స్టాండర్డ్ ప్రకారం డిఫాల్ట్ ఈవెన్ పారిటీ, చాలా పరికరాలు మాత్రం నో పారిటీతో వస్తాయి. ఏదైనా సరే, ఒక లైన్ మీద అన్నింటికీ ఒకటే ఉండాలి. అది సరిపోయినా పలకకపోతే ఏ, బీ వైర్లు అటుదిటు మార్చండి, ఆ గుర్తుల విషయంలోనే కంపెనీలకు పొత్తు కుదరలేదు, మార్చినంత మాత్రాన ఏదీ కాలిపోదు. మోటార్ పవర్ కేబుల్‌కు దూరంగా, షీల్డ్ కేబుల్‌తో లాగండి, లేకపోతే మోటార్ తిరిగినప్పుడల్లా రీడింగ్ పోతుంది. 120 ఓమ్స్ రెసిస్టర్ లైన్ రెండు చివర్లలోనే, మధ్యలో వద్దు.

మూడూ ఒకేసారి కలిపి వెతక్కండి. యూఎస్‌బీ-485 కన్వర్టర్ కొని ల్యాప్‌టాప్‌తో ఒక్కొక్కదాన్నే పలికించి, ఆ సెట్టింగులు కాగితం మీద రాసుకుని, తర్వాత ప్యానెల్‌కు వెళ్లండి. వెండర్లకు ఫోన్ చేస్తే ‘పనిచేయట్లేదు’ అనకండి, ‘రిజిస్టర్ మ్యాప్ పంపండి’ అని అడగండి, ఏ రిజిస్టర్‌లో ఏ అంకె ఉందో చెప్పే పట్టిక అది. ఎవరికైనా ఇంకా బిల్లు బాకీ ఉంటే, ఆ మ్యాప్ చేతికొచ్చాకే కట్టండి.