డార్ గేలక్‌లో మంట తప్ప రుచి తెలియకపోతే

"మిడిల్టన్ డార్ గేలక్ కొన్నాను, మంటా చెక్క వాసనా తప్ప ఏం తెలియట్లేదు" అన్నారు కదా. తప్పు సీసాది కాదు. అది నీళ్లు కలిపి బలం తగ్గించకుండా పీపాలోంచి సీసాకెక్కిన ఐరిష్ విస్కీ, ఆల్కహాల్ 55 శాతం పైమాటే. ఆ ఘాటుకి నాలుక మొద్దుబారుతుంది. పైగా చివర్లో కొత్త ఐరిష్ ఓక్ పీపాల్లో ఉంచుతారు, ఆ చెక్క ఊరుకోదు.

1. మూతి సన్నటి గ్లాసులో 20 మి.లీ. పోసి పది నిమిషాలు వదిలేయండి. ఐసు వద్దు.

2. నోరు కాస్త తెరిచి వాసన చూడండి, ముక్కు మండదు. తర్వాత ఒక చిన్న గుక్క.

3. చాలామంది వదిలేసేది ఇదే. మామూలు నీళ్లు అర టీస్పూన్ కలిపి మూడు నిమిషాలు ఆగండి, మళ్లీ రుచి చూడండి. ఇంకో అర టీస్పూన్, మళ్లీ ఆగండి. మొత్తం 5 మి.లీ. చేరేసరికి 57 శాతం ఉన్నది 46 దగ్గరికి దిగుతుంది. ఆగకుండా తాగితే నీళ్లు కలిపీ లాభం లేదు. ఫ్రిజ్ నీళ్లు మాత్రం వద్దు, వాసన ముడుచుకుపోతుంది. నేనూ మొదట్లో అదే చేశాను.

4. ఇప్పుడు నాలుక మీద నూనెలా జారేది, మిరియాల చురుకు ఉన్నది పాట్ స్టిల్ (రాగి కుండ బట్టీలో కాచే ఐరిష్ రకం విస్కీ) గుణం. మొలకెత్తించిన బార్లీతో పాటు మొలకెత్తించని పచ్చి బార్లీ కూడా వాడటం వల్ల వస్తుంది. వనిల్లా, లవంగం, చివర్లో నోరు ఆరినట్టుండే వగరు ఓక్‌వి.

ఇంకా తేడా తెలియకపోతే పక్కన 40 శాతం ఆల్కహాల్ ఉన్న గ్రీన్ స్పాట్ అనే ఇంకో పాట్ స్టిల్ విస్కీ కొద్దిగా పెట్టుకోండి. ముందు అది, తర్వాత ఇది.