స్టాఫ్ రేటుకి కొన్న సైకిలు: తగ్గింపు సొమ్ము జీతంలో కోసుకోవచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాలుగేళ్ళుగా టౌనులో ఒక సైకిళ్ళ షాపులో ఫిట్టరుగా చేస్తున్నాను. జీతం నెలకు 14,000 రూపాయలు. చేరిన రోజే షావుకారు గారు "మన కొట్లో పనిచేసేవాళ్ళు సైకిలైనా సామానైనా మేం కొన్న రేటుకే పట్టుకెళ్ళొచ్చు" అన్నారు. పనివాళ్ళం ఆరుగురం. అందరం అలాగే తీసుకుంటున్నాం. కాగితం ఏమీ లేదు. నేను మూడు సైకిళ్ళు తీసుకున్నాను. ఒకటి నాకు, ఒకటి మా అమ్మాయికి, మూడోది రాజోలులో ఉన్న మా మేనల్లుడికి గేరు సైకిలు. మేనల్లుడికని చెప్పే తీసుకున్నాను. దాని మీద ఇంకా 1,500 బాకీ ఉన్నాను. వాడు హాస్టల్లో చేరుతూ దాన్ని పక్కింటివాళ్ళకు అమ్మేశాడు. ఆ సంగతి తెలిసి షావుకారు గారు "నా సరుకుతో వ్యాపారం చేస్తున్నావా" అని మూడింటి మీదా ఇచ్చిన తగ్గింపు 6,300 వెనక్కి కట్టమన్నారు. రెండు నెలలుగా జీతంలో 2,100 చొప్పున పట్టుకుంటున్నారు. ఆదివారం లోగా మొత్తానికీ ప్రోనోటు రాసివ్వకపోతే పోలీసు కేసు పెడతామంటున్నారు. మిగతావాళ్ళకు కూడా స్టాఫ్ రేటు ఆపేశారు. పైగా మా అమ్మాయి సైకిలు కొని పది నెలలే అయింది, ఫ్రేము వెల్డింగ్ దగ్గర చీలింది. స్టాఫ్ రేటుకి కొన్నదానికి వారంటీ లేదంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ప్రోనోటు. అందుకని ముందు దాని సంగతి చెబుతాను. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఆదివారం అన్నా, రేపే అన్నా, బతిమాలినా, బెదిరించినా పెట్టకండి.

మన గోదావరి జిల్లాల్లో చేబదులుకీ ప్రోనోటే, చెరువు లీజు డబ్బుకీ ప్రోనోటే. ఆ అలవాటు వల్ల అదేదో మామూలు రసీదులా చూస్తాం. ప్రోనోటులో ఏమని రాస్తారో గుర్తు చేసుకోండి. "ఈ సొమ్ము రొక్కంగా నాకు ముట్టినది" అని రాస్తారు. మీకు ఒక్క రూపాయి కూడా ముట్టలేదు. అయినా సంతకం పెట్టారంటే, సొమ్ము ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ అలాగే అనుకోమంటుంది. ముట్టలేదని రుజువు చేసుకునే భారం మీ నెత్తిన పడుతుంది. సైకిలు తగ్గింపు, జీతం కోత, మేనల్లుడు, ఇవన్నీ ఆ కాగితంలో ఎక్కడా కనిపించవు. ఒకపక్క జీతంలో పట్టుకున్న 4,200 పోగా, రేపు మొత్తం 6,300 కీ వడ్డీతో దావా వేసినా మీరు సాక్ష్యాలు వెతుక్కోవాలి. తప్పు ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం, తెల్ల కాగితం, ఖాళీ స్టాంపు కాగితం, ఇవి కూడా అంతే. దేని మీదా సంతకం వద్దు.

ఇక జీతం కోత. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్, 2019 అమల్లోకి వచ్చింది. ఇది పెద్ద ఫ్యాక్టరీలకే అనుకోవద్దు. ఆరుగురు పనిచేసే సైకిళ్ళ కొట్టుకి కూడా వర్తిస్తుంది. జీతంలోంచి ఏయే కారణాలకు కోయవచ్చో 18వ సెక్షన్‌లో లెక్కగా రాసి ఉంది. పనికి రాని రోజులు, తీసుకున్న అడ్వాన్సు లేదా అప్పు, అప్పగించిన సరుకు మీ అశ్రద్ధ వల్ల పోవడం, అలాంటివి. "అప్పట్లో తక్కువకి ఇచ్చాను, ఇప్పుడు మనసు మారింది" అన్న కారణం ఆ జాబితాలో లేదు. సరుకు నష్టం కింద చూపిద్దామన్నా కుదరదు. షావుకారు గారు తనంతట తాను ఒక ధర చెప్పి అమ్మారు, మీరు కొన్నారు. అది నష్టం కాదు, అమ్మకం. ఒకవేళ నిజంగా నష్టమే జరిగినా, ముందు మీ సంజాయిషీ అడగకుండా కోయడానికి వీల్లేదు.

జరిమానా వేశానంటారేమో. దానికీ హద్దులున్నాయి. ఏ తప్పుకి జరిమానా ఉంటుందో ముందే ప్రభుత్వ ఆమోదం తీసుకుని, నోటీసు పెట్టి ఉండాలి. మీ వాదన వినాలి. ఇవన్నీ చేసినా ఒక నెల జీతంలో 3 శాతం మించకూడదు. మీ 14,000 మీద అది 420 రూపాయలు. వాయిదాల్లో వసూలు చేయడం అసలే కుదరదు. ఆయన కోసింది 2,100, అదీ వాయిదాల్లో.

అయితే ఒక మాట మీకూ చెప్పాలి. గేరు సైకిలు మీద మిగిలిన 1,500 మీ బాకీయే. దాన్ని జీతంలో పట్టుకుంటే అభ్యంతరం చెప్పడం న్యాయం కాదు. కాబట్టి లెక్క ఇలా తేలుతుంది. ఇప్పటిదాకా పట్టుకున్నది 4,200. అందులో 1,500 బాకీకి సర్దుకుంటే, మీకు తిరిగి రావలసింది 2,700. మూడో నెల కోత ఆగాలి. మాట్లాడటానికి వెళ్ళినప్పుడు ఈ లెక్కే కాగితం మీద వేసి చూపించండి. బాకీని మీరే ముందుగా ఒప్పుకుంటే మీ మాటకి బరువు వస్తుంది.

పోలీసు కేసు సంగతి. చాలా టెన్షన్‌గా ఉందని ఉత్తరం చివర రాశారు, అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను. మోసం అంటే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 318వ సెక్షన్. దానికి సరుకు తీసుకునే సమయానికే మోసం చేయాలనే ఉద్దేశం ఉండాలి. మీరు మేనల్లుడికని చెప్పి తీసుకున్నారు, ఆయన సరేనన్నారు. ఆ తర్వాత ఎన్నాళ్ళకో ఆ కుర్రాడు అమ్ముకుంటే అందులో మీ మోసం ఏముంది? నమ్మకద్రోహం అనాలంటే 316వ సెక్షన్. దానికి ఎదుటివాళ్ళ ఆస్తిని మీ చేతికి అప్పగించి ఉండాలి. రిపేరుకొచ్చిన కస్టమరు సైకిలు మీ దగ్గర అప్పగింత. మీరు డబ్బుకి కొనుక్కున్న సైకిలు మాత్రం మీ సొంతం. కొంత బాకీ మిగిలి ఉన్నంత మాత్రాన అది అప్పగింత సొత్తు అయిపోదు. "మళ్ళీ అమ్మకూడదు" అనే షరతు పెట్టి ఉంటే, దాన్ని తప్పితే అది ఒప్పందం తప్పడం, సివిల్ తగాదా. మీ విషయంలో ఆ షరతు కూడా ఎవరూ చెప్పలేదు.

ఇదంతా ఒక్కదాని మీద ఆధారపడి ఉంది. మూడు సైకిళ్ళూ బిల్లు వేసి గానీ, ఖాతాలో రాసి గానీ బయటికి వచ్చాయా? మీరు రాసినదాన్ని బట్టి వచ్చాయనే అనుకుంటున్నాను. బ్రేకు షూలు, ట్యూబులు, చెయిన్ల లాంటి చిన్న సామాను "తర్వాత చెబుదాంలే" అని రాయకుండా పట్టుకెళ్ళడం కొట్లలో మామూలే. అలాంటిది ఒక్కటి ఉన్నా కథ మారిపోతుంది. పనివాడు యజమాని సరుకు దొంగతనం చేస్తే 306వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. మీ దగ్గర అలాంటిదేమైనా ఉంటే ఎవరైనా వకీలుకి దాపరికం లేకుండా చెప్పండి. స్టేషనుకి పిలుపు వస్తే వెళ్ళండి, దాక్కోవద్దు. ఏడేళ్ళ లోపు, లేదా ఏడేళ్ళ దాకా శిక్ష పడే కేసుల్లో అరెస్టు అక్కర్లేదనుకుంటే పోలీసులు ముందు నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం) 35వ సెక్షన్ కింద నోటీసిచ్చి పిలవాలి. నోటీసు ప్రకారం హాజరైతే, ప్రత్యేకంగా కారణాలు రాసి చూపితే తప్ప అరెస్టు చేయకూడదు.

స్టాఫ్ రేటు ఆపేసిన విషయంలో మీరు అడగనిది ఒకటి ఉంది. మీ ఆరుగురికీ అది ముఖ్యం. పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 మూడో షెడ్యూల్‌లో ఒక అంశం ఉంది: ఆనవాయితీగా ఇస్తున్న రాయితీని లేదా సదుపాయాన్ని ఆపడం. అలా ఆపాలంటే 40వ సెక్షన్ ప్రకారం ముందు నోటీసివ్వాలి, ఇచ్చిన 21 రోజుల దాకా మార్పు అమలు చేయకూడదు. కాగితం లేదు కదా అంటారేమో. ఆనవాయితీ అనే మాటకి అర్థమే అది. ఎన్నాళ్ళుగా ఇస్తున్నారు, అందరికీ ఇస్తున్నారా, అడిగినప్పుడల్లా ఇస్తున్నారా అని చూస్తారు. నాలుగేళ్ళుగా ఆరుగురికీ ఒకే రేటు అన్నది బలమైన వాదనే. షావుకారు గారు తనకు నచ్చినవాళ్ళకి, పండక్కి మాత్రం దయతలచి ఇచ్చి ఉంటే మాత్రం ఈ వాదన నిలవదు. మీది ఫిట్టింగ్ పని కాబట్టి ఈ కోడ్ చెప్పే వర్కర్ కిందికి మీరు వస్తారు, అందులో అనుమానం లేదు. కౌంటర్లో అమ్మకాలు మాత్రమే చూసేవాళ్ళ విషయంలో వాదన నడుస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి. పద్ధతి ప్రకారం నోటీసిచ్చి ఇక ముందుకి ఆపుకునే దారి ఆయనకు ఉంది. వెనక్కి తిరిగి, ఇచ్చేసినదాన్ని లాక్కునే దారి లేదు.

ఈ జవాబు చదివే షాపుల వాళ్ళకి కూడా నాలుగు మాటలు. స్టాఫ్ రేటు ఇస్తుంటే దాని షరతులు రాసిపెట్టండి: ఫలానా సైకిళ్ళు, ఏడాదికి ఇన్ని, సొంత ఇంటివాళ్ళకే, ఇన్నాళ్ళ లోపు అమ్మకూడదు, మానేసి వెళ్ళేటప్పుడు బాకీ ఎలా సర్దుకోవాలి. ఇంతే, అర పేజీ కాగితం. దాన్ని నియామక పత్రంలోనే కలిపి ఇవ్వండి. దీనివల్ల జీఎస్టీలో కూడా మేలుంది. ఆ చట్టం యజమానినీ ఉద్యోగినీ సంబంధీకులుగా చూస్తుంది. అందువల్ల ఉద్యోగికి తక్కువకి అమ్మినా బజారు ధర మీదే పన్ను కట్టాలనే పేచీ రావచ్చు. ఉద్యోగ ఒప్పందంలో భాగంగా ఇచ్చే సదుపాయాల మీద పన్ను పడదని 2022 జులైలో కేంద్రం సర్క్యులర్‌లో వివరణ ఇచ్చింది. ఒప్పందం కాగితం మీద ఉంటేనే కదా ఆ వివరణ అక్కరకొచ్చేది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి తేడా పెద్దది కాకపోవచ్చు. అయినా మీ ఆడిటరుని ఒకసారి అడగండి.

మీ అమ్మాయి సైకిలు విషయం తేలికైనది. కంపెనీ వారంటీ సైకిలుకి ఇస్తుంది, మీరు ఎంతకి కొన్నారన్నదానికి కాదు. వారంటీ కార్డులో స్టాఫ్ అమ్మకాలకు వర్తించదని రాసి ఉందేమో చూడండి. నేను చూసిన కార్డుల్లో అలాంటి మాట లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బిచ్చి సొంత వాడకానికి కొన్న ప్రతివాళ్ళూ వినియోగదారులే, తగ్గింపుతో కొన్నా సరే. చీలిన చోట ఫొటోలు తీయండి. ఫ్రేము మీద కొట్టిన నంబరు కూడా కనిపించేలా తీయండి. మీరు ఫిట్టరు కదా అని దానికి మీరే వెల్డింగ్ పెట్టకండి, సాక్ష్యం పోతుంది. పిల్ల ఆ సైకిలు మీద కాలవ గట్టు వెంట బడికి వెళుతోందేమో, ఈలోగా అది ఎక్కనివ్వకండి. ముందు కంపెనీకి రాయండి. పని జరక్కపోతే రెండేళ్ళ లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు.

ఇప్పుడు వరుసగా చేయవలసినవి. సైకిళ్ళ డబ్బు ఫోన్లో పంపిన వివరాలు, షావుకారు గారితో వాట్సాప్‌లో నడిచిన మాటలు, జీతం జమ అయిన బ్యాంకు పుస్తకం, అన్నీ ఒకచోట పెట్టుకోండి. ఫోను మార్చకండి, మెసేజిలు చెరపకండి. కోర్టులో వాట్సాప్ చూపాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోను ఉంటే పని సులువు. తర్వాత ఇద్దరూ గౌరవించే ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి మాట్లాడండి. నాలుగేళ్ళు ఆయన కొట్లో అన్నం తిన్నారు, ఆయన కూడా మీ పనిమీద బతికారు. ముందు మాటలతో ప్రయత్నించడంలో చిన్నతనం లేదు. మేనల్లుడు అమ్మిన సంగతి మీరే ముందుగా చెప్పి ఉంటే బాగుండేదని ఆయన బాధపడితే, ఆ బాధలో అర్థం ఉందని ఒప్పుకోండి.

వినకపోతే, 2,700 లెక్కతో ఒక ఉత్తరం స్పీడ్‌పోస్టులో పంపి, కాపీ తీసుకుని అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళండి. అక్కడ తేలకపోతే వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద క్లెయిము వేయవచ్చు. మూడేళ్ళ గడువుంది. అక్రమంగా కోసిన సొమ్ముతో పాటు దానికి పది రెట్ల దాకా నష్టపరిహారం వేసే అధికారం ఆ క్లెయిము విచారించే అధికారికి ఉంది. కోత సరైనదేనని రుజువు చేసుకోవలసింది యజమానే. వకీలు ఫీజు గురించి బెంగపడకండి. మీకు దగ్గరి కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో అడగండి, లేదా 15100 కి ఫోను చేయండి. అర్హత ఉంటే వకీలుని ఉచితంగా ఇస్తారు. ఆదివారం లోపే వెళ్ళగలిగితే వెళ్ళండి. ప్రోనోటు గురించి షావుకారు గారు మళ్ళీ అడిగితే, "వకీలుని అడిగి చెబుతానండి" అనండి.