కాస్‌ప్లే కవచానికి యాప్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 27. కాంట్రాక్టు ఉద్యోగం. మరో నాలుగు నెలల్లో గడువు ముగుస్తుంది, పొడిగిస్తారనే అనుకుంటున్నాను. ఇంటద్దె, అమ్మ మందుల ఖర్చు నావే. అన్నీ పోను జీతంలో నాలుగో వంతు మిగులుతుంది. ఐదు నెలల తర్వాత జరిగే, సినిమా, కామిక్స్ పాత్రల వేషం కట్టే కాస్‌ప్లే పోటీ కోసం సూపర్‌హీరో కవచం, హెల్మెట్, డాలు సొంతంగా చేత్తో తయారు చేసుకుంటున్నాను. మూడు నెలల ఖర్చులకని దాచిన ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి రెండు నెలల డబ్బు దీనికే వాడేశాను. క్రెడిట్ కార్డు మీద అర నెల జీతమంత బాకీ ఉంది, నెలకు 3 శాతం వడ్డీ పడుతోంది. హెల్మెట్ ఎంతకీ కుదరడం లేదు. త్రీడీ ప్రింటర్ కొందామని ఒక యాప్‌లో లోన్ చూశాను. ఆరు నెలల కిస్తీలు, నెలకు 2.5 శాతం ఫ్లాట్ వడ్డీ. గెలిస్తే బహుమతి సొమ్ము వస్తుంది, తర్వాత ఆర్డర్లూ వస్తాయి. లోన్ తీసుకోవచ్చా? ఖర్చుల జాబితా జత చేశాను.

జవాబు: వద్దు. ఆ యాప్‌ను ఈ రోజే ఫోన్‌లోంచి తీసేయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇష్టమైన పని కోసం ముందు ఎమర్జెన్సీ ఫండ్‌లో చెయ్యి పెట్టడం, అది చాలక కార్డు వాడడం, అదీ చాలక లోన్ యాప్ తెరవడం. ఈ వరుసలో వచ్చే ఉత్తరాలు నాకు చాలానే వస్తున్నాయి. ఒకరు కెమెరా అంటారు, ఇంకొకరు గిటార్ అంటారు. అందరూ చివరి మెట్టు మీద నిలబడి లోన్ గురించి అడుగుతారు. తప్పు జరిగింది మొదటి మెట్టు దగ్గర, ఫండ్ తీసిన రోజున.

మీ ఉత్తరంలోని మూడు గడువులను ఒక కాగితం మీద వరుసగా రాసి చూడండి. నాలుగో నెలలో కాంట్రాక్టు ముగుస్తుంది. ఐదో నెలలో పోటీ. ఆరో నెలలో లోన్ చివరి కిస్తీ. గెలిచారో లేదో తెలియకముందే జీతం ఆగిపోయే అవకాశం ఉందన్నమాట. ఆ రోజున మీ దగ్గర ఉండేది ఒక్క నెల ఖర్చు. అద్దె, మందులు, కార్డు బాకీ, యాప్ కిస్తీ అన్నీ అందులోంచే వెళ్లాలి. పొడిగింపు ఉత్తర్వు చేతికి అందేదాకా దాన్ని లెక్కలో వేసుకోకండి. బహుమతి సొమ్మును అసలే వేసుకోకండి.

ఇక ఆ 2.5 శాతం సంగతి. ఫ్లాట్ వడ్డీ అంటే, మీరు అసలు తీరుస్తూ పోతున్నా మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. 100 తీసుకుంటే నెలకు 19 పైచిలుకు చొప్పున ఆరు నెలల్లో 115 కట్టాలి. తగ్గుతున్న బాకీ మీద లెక్కగడితే అది నెలకు 4 శాతం దాటుతుంది. మీ కార్డు వడ్డీ కంటే ఇదే ఎక్కువ! ప్రాసెసింగ్ ఫీజు ముందే పట్టుకుంటే ఇంకా పెరుగుతుంది. ఇలాంటి అప్పును చిన్న అంకెల్లో చూపించి అంటగట్టడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలాగని కార్డు బాకీ తక్కువేమీ కాదు. కట్టకుండా వదిలేస్తే 100 బాకీ ఏడాది తిరిగేసరికి, జరిమానాలు కలపకుండానే, 142 దాటుతుంది.

మీ జాబితా రెండుసార్లు చదివాను. 'ఈవీఏ ఫోమ్, 5 మి.మీ.' అని ఒక వరుస, అంటే కవచం కోయడానికి వాడే స్పాంజి లాంటి షీటు. కొంచెం కింద 'ఫోమ్, మళ్లీ'. ఇంకా కింద 'ఫోమ్, హెల్మెట్‌కి మూడోసారి'. మా అక్క కూతురు మూడేళ్లుగా ఇదే పని చేస్తోంది. మా ఇంట్లోనే ఒక హెల్మెట్ చేసింది కాబట్టి ఆ మూడు వరుసల అర్థం నాకు తెలుసు. ముందు తన తల కొలతకు సరిపోయే బొమ్మ తలకు పల్చటి ప్లాస్టిక్ చుట్టి, పైన టేపు అంటించి, మార్కర్‌తో గీతలు గీసి కోసి, ప్యాటర్న్ తీసుకుంది. దాన్ని పాత అట్టపెట్టె మీద కత్తిరించి తలకు పెట్టుకుని చూసింది. చెవుల దగ్గర బిగుతుగా ఉంది. సరిచేసి ఇంకో అట్ట కోసింది. మూడో అట్ట కుదిరాకే ఫోమ్ మీద బ్లేడు పెట్టింది. ఆమె అట్ట మీద చేసిన తప్పులు మీరు ఫోమ్ మీద చేశారు, అదీ ఎమర్జెన్సీ ఫండ్ డబ్బుతో.

ప్రింటర్ వస్తే ఇది మారదు. కొలత తప్పితే ప్రింటూ తప్పే వస్తుంది. పైగా ఇల్లు అలకగానే పండగ కాదు. ప్రింటు బయటికి వచ్చాక పొరల గీతలు పోయేదాకా సాండ్‌పేపర్‌తో రుద్దాలి, ప్రైమర్ కొట్టాలి, మళ్లీ రుద్దాలి. ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో చేస్తే అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారులో మర్చిపోతే వంగిపోతుంది. ప్రింటే కావాలంటే చేసిచ్చేవాళ్ల దగ్గర ఆ ఒక్క హెల్మెట్ చేయించుకోండి, అదీ మిగులు డబ్బుతో.

ఎమర్జెన్సీ ఫండ్ గురించి నేను ఇంతగా పట్టుబట్టడానికి మా అక్క కూతురి సంగతే చెబుతాను. ఒకసారి ఫోమ్ వంచుతుండగా వేడిగాలి ఊదే హీట్ గన్ మూతి ఆమె అరచేతికి తగిలింది. రెండు వారాలు కీబోర్డు ముట్టుకోలేకపోయింది. ఆమెది ఫ్రీలాన్స్ పని, చేస్తేనే డబ్బు. ఆ రెండు వారాలూ రూపాయి రాబడి లేదు. ఆరు నెలల ఖర్చు పక్కన ఉంది కాబట్టి ఎవరినీ అడగలేదు, కంగారుపడి కట్టు విప్పేసి పనికి కూర్చోలేదు. మీరూ అదే గన్‌తో పనిచేస్తున్నారు. మీ వెనక అమ్మ కూడా ఉన్నారు. కాంట్రాక్టు ఉద్యోగికి మూడు నెలల ఫండ్ చాలదు, మీ లక్ష్యం ఆరు నెలలు. ఆరోగ్య బీమా ఉద్యోగం ద్వారా వచ్చిందే అయితే అది కాంట్రాక్టుతో పాటే పోతుంది, మీకూ అమ్మకూ విడిగా తీసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. మిగిలిన ఒక నెల ఖర్చును ముట్టుకోకండి, కార్డు కట్టడానికి కూడా. మొదటి రెండు నెలలు మిగిలే నాలుగో వంతు మొత్తం కార్డుకే. రెండు నెలలకు అసలు దాదాపు తీరిపోతుంది, వడ్డీ తోక ఏదైనా ఉంటే మూడో నెలలో కట్టేయండి. ఆ తర్వాత మిగిలే ప్రతి ఐదు రూపాయల్లో నాలుగు ఫండ్‌కు, ఒకటి కవచానికి. అలా చేస్తే కాంట్రాక్టు ముగిసేనాటికి ఫండ్ ఒకటిన్నర నెలల ఖర్చుకు దగ్గరగా వస్తుంది. అది తక్కువే. కానీ అప్పు ఉండదు. ఉద్యోగం పొడిగించకపోతే ఈసారి పోటీ వదిలేయండి. కవచం ఎక్కడికీ పోదు.

ఆ మొదటి రెండు నెలలు కొత్త సామాను కొనకపోయినా పని ఆగదు. అట్ట మీద హెల్మెట్ కుదర్చండి. డాలుకు మీ దగ్గరున్న ఫోమ్ ముక్కలు చాలవచ్చు, అంచులు ఏటవాలుగా కోసి అతికితే అతుకు కనిపించదు. ప్రయాణం, బస, ప్రవేశ టికెట్ మీ జాబితాలో ఎక్కడా లేవు, వాటిని ఇప్పుడే రాసుకోండి. ఆర్డర్లు వస్తే సంతోషమే. సామాను ఖర్చు అడ్వాన్సుగా తీసుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఒక్క ఖర్చు మాత్రం వాయిదా వేయకండి. మీ జాబితాలో కాంటాక్ట్ సిమెంట్, అంటే ఫోమ్ అతికే ఘాటైన గమ్, నాలుగు డబ్బాలున్నాయి, స్ప్రే పెయింట్ ఉంది. మాస్క్ లేదు. గుడ్డ మాస్క్, దుమ్ము మాస్క్ ఆ ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయనాల ఆవిరిని పట్టే ఫిల్టర్) ఉన్న రెస్పిరేటర్ మాస్క్ కావాలి, గది కిటికీలు తెరిచి ఉండాలి, గమ్ ఆరేదాకా దగ్గర్లో హీట్ గన్ వెలిగించకూడదు. కార్డుకు కట్టే డబ్బులోంచి తగ్గించైనా సరే, ఆ మాస్క్ ఈ వారమే కొనండి. అది వచ్చేదాకా డబ్బా మూత తీయకండి.