త్వరగా ఎదిగే స్వదేశీ చెట్లు

ప్రశ్న: మా కాలనీవారి అరెకరం ఖాళీ స్థలంలో చెట్లు పెంచాలనుకుంటున్నాము. స్థానిక జాతులు ఎదగడానికి చాలా ఏళ్లు పడుతుందని, యూకలిప్టస్ లేదా సుబాబుల్ అయితే తొందరగా పచ్చబడుతుందని కొందరు అంటున్నారు. వేగంగా పెరిగే స్వదేశీ చెట్లు లేవా? వాటివల్ల కలిగే మేలేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: స్వదేశీ చెట్లన్నీ నిదానంగానే పెరుగుతాయనుకోవడం అపోహ. గుమ్మడి టేకు, దిరిసెన, కానుగ, మేడి, ఎర్రపూల బూరుగ ఇక్కడివే. నీరు, పశువుల నుంచి రక్షణ ఉంటే కొద్ది ఏళ్లలోనే మనిషి ఎత్తును మించిపోతాయి.

తొందరగా నీడ పడితే నేల కాక తగ్గి, తేమ నిలిచి, కలుపు అణగి, రాలిన ఆకు ఎరువుగా మారుతుంది. కానుగ, దిరిసెనల వేరు బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. ఈ పని మెక్సికో ప్రాంతపు సుబాబుల్ కూడా చేస్తుంది, కాదనను. అయితే దాని విత్తనాలు విపరీతంగా రాలి, గుబురుగా మొలిచి, ఇతర మొక్కలకు చోటు లేకుండా చేస్తాయి.

అసలు తేడా ప్రాణులతో ఉన్న పాత అనుబంధంలో ఉంది. మేడికాయ లోపల దాగిన పూలకు పరాగసంపర్కం జరిపేది ఆ చెట్టుకే ప్రత్యేకమైన ఒక చిన్న కందిరీగ. ఆ పండ్ల కోసం వచ్చే పక్షులు, గబ్బిలాలు తమ రెట్టలతో మీరు నాటని మొక్కల విత్తనాలను కూడా తెచ్చి వేస్తాయి. కానుగ ఆకులకు మచ్చలు, చిల్లులు పడటం చూసి దయచేసి మందు కొట్టకండి. ఆ ఆకులు తినే పురుగులతోనే ఎన్నో పక్షులు తమ పిల్లలను సాకుతాయి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన యూకలిప్టస్ ఆకును మన పురుగులు చాలావరకు ముట్టవు కనుక, ఆ తోట పచ్చగా ఉన్నా పక్షి పిల్లలకు దొరికే మేత తక్కువే.

అలాగని స్థలమంతా వేగంగా ఎదిగేవాటితోనే నింపవద్దు. వాటిలో చాలావాటి కలప మెత్తన, ఆయుష్షూ తక్కువ. వాటి నడుమ ఇప్ప, నేరేడు వంటివి నాటితే, లేత వయసులో ఎండ దెబ్బ తగలకుండా ఆ నీడలో కుదురుకుంటాయి. మేడిని, బూరుగను గోడలకు, నీటి గొట్టాలకు దూరంగా పెట్టండి. తొలకరి వానలకు నేల బాగా తడిశాక నాటి, మొదటి రెండు వేసవులు మాత్రం తప్పనిసరిగా నీరు పోయండి.