అఆలు అప్పజెప్పే పాప అక్షరాన్ని ఎందుకు గుర్తుపట్టదు?

మూడున్నరేళ్ల మీ పాప అచ్చులూ హల్లులూ తడుముకోకుండా అప్పజెబుతుందనీ, పలక మీద ఒక్క అక్షరం రాసి ఇదేమిటని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తుందనీ, బలపం చేతికిస్తే ఏడుస్తుందనీ, ఏదైనా లోపముందేమోనని ఇంట్లో పెద్దవాళ్లు దిగులు పడుతున్నారనీ రాశారు. హనుమకొండలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పదకొండేళ్లు నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు అక్షరాలు నేర్పినదానిగా, అంతకు ముందే నా సొంత కొడుకు దగ్గర చేయకూడని తప్పులన్నీ చేసినదానిగా చెబుతున్నాను: మీరు రాసినదాంట్లో నాకు లోపమేమీ కనబడలేదు. మీ పాపకు వచ్చినది పాట. అక్షరం ఇంకా మొదలుకాలేదు.

నమ్మకం కుదరకపోతే 'ఏ తర్వాత ఏం వస్తుంది' అని అడిగి చూడండి. మళ్లీ అ దగ్గర మొదలుపెట్టి ఐ దాకా వచ్చి ఆగుతుంది. ఏ అనేది విడిగా ఒక శబ్దమనీ, అది తాను రోజూ అనే ఏనుగు అనే మాటలోనే ఉందనీ ఆమె చెవికి ఇంకా తెలియదు. కాబట్టి పలకను కొన్నాళ్లు అటక మీద పెట్టి, ముందు చెవితో ఆడండి. కూర తరిగేటప్పుడు 'ఉ అని మొదలయ్యేది ఒకటి ఈ బుట్టలో ఉంది, తీసివ్వు' అంటే చాలు. ఇక్కడ ఒక మెలకువ అవసరం. మన అక్షరం ఒక్క హల్లు కాదు, హల్లూ అచ్చూ కలిసిన ముద్ద. కోడి అన్నప్పుడు పిల్ల చెవికి 'కో' వినిపిస్తుంది గానీ 'క' వినిపించదు. అందుకని క నేర్పేటప్పుడు కత్తి, కప్ప, కట్టె వంటి మాటలు తీసుకోండి. కోడీ కాకీ గుణింతం నాటికి పనికొస్తాయి. ఇంగ్లీషులో అక్షరం పేరు ఒకటి, పలికేది ఇంకొకటి, డబ్ల్యూ అని చెప్పి వ అని పలికించాలి. మనకు ఆ బాధ లేదు, అ పేరూ అ శబ్దమూ ఒకటే. ఇంత సులువు చేతిలో ఉంచుకుని పిల్లలను ఏడిపిస్తున్నామంటే తప్పు మన పద్ధతిలోనే వెతకాలి.

ఆ తప్పు నాకు అర్థమైన రోజు బాగా గుర్తుంది. గోడ మీది పటంలో ఊ పక్కన ఊయల బొమ్మ ఉండేది. నర్సంపేట వైపు పల్లె నుంచి వచ్చిన ఒక నాలుగేళ్ల పిల్లను ఇదేమిటని అడిగితే ఉత్సాహంగా 'తొట్టెల' అంది. కాదు, ఊయల అన్నాను. మరునాడూ తొట్టెల అంది, మరునాడూ కాదన్నాను. మూడో రోజు నుంచి ఆ పిల్ల పటం ముందు నోరు విప్పలేదు. ఇంటికి వెళ్లి ఆలోచిస్తే, ఆమె తమ్ముడు పడుకునేది తొట్టెలలోనే, మా అబ్బాయి పడుకున్నదీ తొట్టెలలోనే, నేను మాత్రం బడి గడప దాటగానే ఊయల మనిషినైపోయాను. ఇలాంటివి పటం నిండా ఉన్నాయి. వ గుణింతంలో వెల్లుల్లి బొమ్మ చూపిస్తే మన పిల్లలు ఎల్లిగడ్డ అంటారు, అంటే వాళ్ల నోట వచ్చేది ఎ. గోంగూర చూపిస్తే పుంటికూర అంటారు. ఓ అంటే ఓడ. ఓడను కంటితో చూసిన నాలుగేళ్ల పిల్లలు మన వరంగల్‌లో ఎందరుంటారు? బొమ్మ చూడగానే తన నోట వచ్చిన మాటలో ఆ శబ్దం లేకపోతే, ఆ బొమ్మ అక్షరానికి తాళంచెవి కాదు, ఇంకొక తాళం.

ఆ వేసవిలో పాత పెళ్లిపత్రికల అట్టలు కత్తిరించి కొత్త పటం తయారుచేసుకున్నాను. అ కి అద్దం, ఆ కి ఆలుగడ్డ, ఈ కి ఈతపండు, ఉ కి ఉల్లిగడ్డ, ఎ కి ఎల్లిగడ్డ, ఓ కి ఓమ, మ కి మక్కకంకి, ప కి పల్లికాయ, న కి నల్లా, వ కి వడ్లు. ఊ కి ఊదుబత్తి పెట్టాను; అది అన్నిటికన్నా బాగా పనిచేసింది, ఎందుకంటే బొమ్మ అక్కర్లేకుండా వాసన చూపించవచ్చు. ఏనుగును మాత్రం మార్చలేదు, వేయి స్తంభాల గుడికి వెళ్లినప్పుడు రాతి ఏనుగులను పిల్లలు చూసే ఉంటారు. ఇలా చేస్తే పిల్లలకు మంచి తెలుగు రాదని ఒక తోటి టీచర్ నాతో వాదించారు. వెల్లుల్లి అనే మాటను పిల్లలు రెండో తరగతిలో పుస్తకం చదువుతూ పది నిమిషాల్లో నేర్చుకుంటారు. దానికోసం నాలుగేళ్లప్పుడు ఇంటిమాటను తప్పనిపించవలసిన పని లేదన్నది నా అభిప్రాయం. తండాల నుంచి వచ్చే లంబాడీ పిల్లలకూ, ములుగు వైపు కోయ పిల్లలకూ ఇది ఇంకా పెద్ద చిక్కు; వాళ్ల దగ్గర నేను ముందు వస్తువును చేతికిచ్చి, మీ ఇంట్లో దీన్నేమంటారని అడిగి, ఆ తర్వాతే తెలుగు మాట చెప్పేదాన్ని.

ఇక రాత. అక్షరమాలలో అ మొదట ఉంది కదా అని రాతనూ అ తో మొదలుపెట్టడం నా దృష్టిలో చాలా ఏడుపులకు కారణం. మెలికలు తిరిగే అ కూ ఆ కూ చేయి చాలా సాగాలి. సున్నతో మొదలుపెట్టండి. గుండ్రంగా సున్న చుట్టడం వచ్చాక దానికి తలకట్టు పెడితే ర అవుతుంది. 'సున్నకు టోపీ పెట్టాను టీచర్' అని పిల్లలే చెప్పేవారు. తర్వాత గ, ఆ తర్వాత వ, ప. వ చేయి తిరిగాక పక్కన కొమ్ము లాగితే మ వస్తుంది. (వ కు ఉకారం ఇచ్చేటప్పుడు కొమ్మును మామూలు చోట కాక కింది నుంచి తిప్పి రాస్తాం కదా, లేకపోతే వు కీ మ కీ తేడా తెలియదు. పిల్లలు వు బదులు మ రాస్తే అది బద్ధకం కాదు, న్యాయమైన పొరపాటే.) ఆపైన న, ల, జ, క. ద, ధ, థ లు మూడూ ఒకే రోజు చూపించవద్దు. చుక్కలోనూ కింది గీతలోనూ ఉన్న తేడా ఆ వయసు కంటికి ఆనదు. అక్షరాలు యాభై ఆరని లెక్క చెబుతాం గానీ ఙ, ఞ, ౠ, ఌ లతో నాలుగేళ్ల పిల్లలకు పనేమీ లేదు.

పైన చెప్పిన అక్షరాలకు దీర్ఘం ఒక్కటి తోడైతే పరకాల, జనగామ అని చదవవచ్చు. ఇది నేను కూర్చుని కనిపెట్టినది కాదు. హనుమకొండ బస్టాండులో నాతో నిలబడ్డ మా అబ్బాయి, అప్పటికి అయిదు నిండలేదు, బస్సు బోర్డు మీద ప, ర, ల గుర్తుపట్టి మధ్యలోది ఏమిటని అడిగాడు. ఆ రోజు ఎక్కవలసిన బస్సు వదిలేసి ఇంకో నాలుగు బోర్డులు చదివించాను.

అదే అబ్బాయికి మూడేళ్లప్పుడు నేను చేసినది వేరు. బాసరలో అక్షరాభ్యాసం చేయించి వచ్చిన మరునాటి నుంచే చేయి పట్టుకుని అ దిద్దించాను. అప్పుడు వాడు వెళ్లే బడిలో రోజుకొక పేజీ ఇంటిపని ఇచ్చేవారు. అది నింపకపోతే నాకు నిద్రపట్టేది కాదు. నెల తిరగకముందే వాడు పలకను బియ్యం డబ్బా వెనక దాచాడు. తర్వాత చాలాసార్లు అనిపించింది: గుడిలో పంతులుగారు చేసినదే సరైన పాఠం కదా అని. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని మెల్లగా రాయిస్తారు. పెన్సిలు లేదు, గీత లేదు, చెరిపేస్తే పోతుంది. ఆ పళ్లేన్ని ఒక్క రోజుకే పరిమితం చేసి, మరునాడు నాలుగు గీతల నోటుపుస్తకం ముందు కూర్చోబెడుతున్నాం. 1907లో రోములో బాలల గృహం తెరిచిన మాంటిస్సోరీ కూడా గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను వేళ్లతో తడిమించి, నోటితో శబ్దం పలికించేవారు. మీరు హార్డ్‌వేర్ దుకాణంలో ఒక గరుకు కాగితం కొంటే పది అక్షరాలు వస్తాయి. ఇసుక పళ్లెం, తడి వాకిట్లో ముగ్గుపిండి కూడా ఆ పనే చేస్తాయి. చింతగింజలు పేర్చి అక్షరం చేయించడం అందంగానే ఉంటుంది గానీ, మా తరగతిలో ఒక బాబు గింజను ముక్కులో పెట్టుకుంటే డాక్టర్ దగ్గరికి పరుగెత్తవలసి వచ్చింది. అప్పటినుంచి నేను గింజలు మానేశాను. రోజుకు పది నిమిషాలు మించవద్దు. పాప తానే బలపం అడిగేదాకా ఇవ్వవద్దు. అడిగినప్పుడు పొట్టిగా, లావుగా ఉన్న ముక్క ఇవ్వండి.

పెద్దవాళ్లకు చెప్పడానికి మీకొక ఆధారం కావాలంటే, 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా మొత్తాన్ని ఒకే పునాది దశగా లెక్కిస్తుంది. మీ పాప అందులో ఆరు నెలలే గడిపింది. అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తే కంగారుపడకండి, ఆ వయసులో అది మామూలే. వెనక నుంచి పిలిస్తే పలకకపోయినా, చెవి కారుతున్నా మాత్రం ముందు చెవుల డాక్టర్‌కు చూపించండి. వినబడని శబ్దానికి అక్షరం ఎలా చూపించినా అతకదు.

బడివాళ్ల ఇంటిపని గురించి అడిగారు. డైరీలో 'పాప ఈ రోజు ర, గ ఇసుకలో రాసింది, నోటుపుస్తకంలో రాయించలేదు' అని మర్యాదగా రాసి సంతకం పెట్టి పంపండి. మా బడిలో ఒక తండ్రి అలా రాసి పంపితే మొదట నాకు కోపం వచ్చింది. రెండు వారాల తర్వాత ఆ ఇసుక పళ్లెం ఎంత ఉండాలో ఆయననే అడిగి తెలుసుకున్నాను: అన్నం తినే స్టీలు పళ్లెం, ఇసుక ఒక వేలి మందం.