రెండో ముద్రణ కోసం పనిచెయ్యి

హైదరాబాద్

అమ్మా,

నీ ఉత్తరం అందింది. కథలు రాస్తున్నావు, ఉద్యోగం కూడా పుస్తకాల మధ్యే దొరికితే బాగుండునంటున్నావు. ప్రచురణ సంస్థలో చేరి మేనేజర్‌గా ఎదగాలంటే ఏం నేర్చుకోవాలని అడిగావు. ఇంట్లోవాళ్లు బ్యాంకు పరీక్షలు రాసుకోమంటున్నారట. నేను మాత్రం చేరమనే చెబుతాను. కాకపోతే ఒక్క పట్టుదలతో చేరు: నువ్వు వేసిన పుస్తకం అయిపోతే మళ్లీ వేయించాలి. తెలుగులో మంచి పుస్తకాలు రావడం లేదన్నది నిజం కాదు. వచ్చినవి రెండేళ్లకే దొరక్కుండా పోతున్నాయి. నా బాధంతా అదే.

నా మొదటి కథల సంపుటి కాపీలు అయిపోయాయి. అడిగేవాళ్లున్నారు, ప్రచురణకర్త కూడా వేస్తానన్నాడు. తీరా చూస్తే ఫైలు లేదు. పుస్తకాన్ని కంప్యూటర్లో టైపు చేసి పేజీలుగా కూర్చిన డీటీపీ సెంటర్ మూతపడింది, ఆ కంప్యూటర్ ఏమైందో తెలియదు. మళ్లీ మొదటి అక్షరం నుంచి టైపు చేయించే ఖర్చుకు ఆయన వెనకాడాడు. పుస్తకం అక్కడితో ఆగిపోయింది. ఇలాంటి మాట నాకు తెలిసిన రచయితలు ఎంతమంది నోటో విన్నాను. అందుకే చెబుతున్నాను, పుస్తకం ప్రెస్సుకు వెళ్లిన రోజే పీడీఎఫ్‌తో పాటు మళ్లీ దిద్దుకోవడానికి వీలయ్యే ఓపెన్ ఫైలు, వాడిన ఫాంట్లు, కవర్ డిజైన్ అన్నీ తెప్పించుకుని రెండు చోట్ల దాచు.

పాత పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంటాయి. వాటిని ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చగానే పని అయిపోయిందనుకోకు. ఒత్తులు చెదురుతాయి, ఒక్కోచోట అక్షరమే మారిపోతుంది. మళ్లీ కొత్త పుస్తకానికి చూసినట్టే ప్రూఫు చూడాలి. పాత ప్రతి పట్టుకుని ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు కొత్త పేజీలో వేలు పెట్టి వెంబడించాలి. విసుగు పుట్టే పనే. అయినా మేనేజర్‌వయ్యాక కూడా నెలకో పుస్తకానికైనా ఈ పనిలో కూర్చో.

ఇక లెక్కలు. సాహిత్యం మీద ప్రేమతో వచ్చినవాళ్లు ఇక్కడే ముఖం తిప్పుకుంటారు. నువ్వు తిప్పుకోకు. డెమ్మీ అనే మామూలు పుస్తకం సైజులో, ఒక్కో ఫారం (ఒకేసారి అచ్చువేసి మడిచే పేజీల కట్ట) పదహారు పేజీల చొప్పున పదమూడు ఫారాలయ్యే పుస్తకం ఒకటి ఉందనుకుందాం, అంటే 208 పేజీలు. ధర 250 రూపాయలు. పంపిణీదారుకు 40 శాతం కమీషన్ పోతే చేతికొచ్చేది 150. రచయితకు 10 శాతం రాయల్టీ, అంటే 25. మిగిలింది 125. డీటీపీ, కవర్, కాగితం, ప్రింటింగ్, బైండింగ్ అన్నీ కలిపి 500 కాపీలకు 40 వేలయిందనుకో. 320 కాపీలు అమ్ముడుపోతే తప్ప పెట్టిన డబ్బు రాదు. ఆఫీసు అద్దె, నీ జీతం, కొరియర్, ఉచితంగా పంచే కాపీలు ఇందులో లేవు. అచ్చయిన పుస్తకం మీద జీఎస్టీ లేదు కాబట్టి కాగితం మీద కట్టిన పన్ను తిరిగి రాబట్టుకోవడమూ కుదరదు. అదే రెండో ముద్రణకొస్తే డీటీపీ, కవర్ ఖర్చు తప్పుతుంది, కొనేవాళ్లున్నారన్న సంగతి ముందే తెలిసి ఉంటుంది. సంస్థను నిలబెట్టేవి అలా మళ్లీ మళ్లీ వేసే పుస్తకాలే. వాటి మీద మిగిలిన డబ్బుతోనే పేరు తెలియని కొత్త రచయితను వేసే ధైర్యం వస్తుంది.

హైదరాబాదుకు ఈ పని కొత్త కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, రావిచెట్టు రంగారావు గారు కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టింది ఇక్కడే. చరిత్ర, విజ్ఞానశాస్త్రం తెలుగువాళ్లు తెలుగులో చదువుకోవాలన్నది వాళ్ల తపన. ఎమెస్కో ప్రచురణ సంస్థ వాళ్లు చందా పథకం పెట్టి పాఠకుల ఇళ్లకే పాకెట్ పుస్తకాలు పంపారు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలి పుస్తకాల్లో ఒకటి ‘ఏడు తరాలు’, అలెక్స్ హేలీ నవలకు సహవాసి చేసిన సంక్షిప్త అనువాదం. పదేపదే అచ్చవుతూ వచ్చింది కాబట్టే తల్లిదండ్రులు చదివిన ఆ పుస్తకాన్ని పిల్లలూ కొనుక్కుని చదివారు. ఎవరో ఒకరు స్టాకు చూసుకుంటూ, అయిపోకముందే కాగితం తెప్పిస్తూ వస్తేనే ఇది జరుగుతుంది. వాళ్ల పేర్లు అట్ట మీద ఉండవు. నేను వాళ్లకు రుణపడి ఉన్నాను.

చేరగానే ఎడిటర్ కుర్చీ అడగకు. మొదటి ఏడాది గోడౌన్‌లోనో సేల్స్‌లోనో వెయ్యమను. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ దుకాణాల ముందు తిరుగు. ముద్రణలో లేని తెలుగు పుస్తకాన్ని అసలు ధరకు రెండింతలు చెప్పినా బేరమాడి పట్టుకెళ్లేవాళ్లు కనబడితే, ఆ పేరు రాసుకో. ఇందిరా పార్కు ఎదురుగా ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ జరిగేటప్పుడు ఆఫీసులో ఉండొద్దు, స్టాల్లో నిలబడు. ఒకాయన పుస్తకం తీస్తాడు. ముందు అట్ట చూస్తాడు, వెనక్కి తిప్పి నాలుగు వాక్యాలు చదువుతాడు, ధర చూస్తాడు, మధ్యలో ఎక్కడో తెరిచి ఒక పేరా చదివి మళ్లీ పెట్టేస్తాడు. ఎక్కడ ఆగి పెట్టేశాడో గమనించు. ధర దగ్గరా, వెనక అట్ట దగ్గరా, మరీ చిన్న అక్షరాల దగ్గరా? నలభై దాటినవాళ్లు అక్షరాల సైజు చూసి పెట్టేయడం నువ్వే చూస్తావు. అట్ట వెనక రాసే నాలుగు వాక్యాల్లో ‘ఈ పుస్తకం అందరూ చదవాలి’ అన్న మాట నువ్వు మాత్రం రాయకు. లోపల ఏముందో చెప్పు.

రచయితతో ఒప్పందం కాగితం మీద ఉండాలి. మనవాళ్లు మొహమాటానికి పోయి నోటిమాటతో కానిచ్చేస్తారు. రచయిత పోయాక 60 ఏళ్ల పాటు కాపీరైట్ వారసులది. పునర్ముద్రణ అనుకున్నప్పుడు ఆ వారసులు ఏ ఊళ్లో ఉన్నారో వెతకడంతోనే పుణ్యకాలం గడిచిపోతుంది. హక్కులు రాసిచ్చినా, ఎంతకాలానికో రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగానే లెక్కవేస్తుంది. ఇవన్నీ రచయితకు నువ్వే విడమరిచి చెప్పు, అతను అడగకపోయినా సరే. రాయల్టీ లెక్క ఏటా ఒకే నెలలో పంపు. వచ్చింది ఎనిమిది వందలే అయినా ఎనిమిది వందలే పంపు. ప్రతి పుస్తకానికీ ఉండే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ ఉచితం, బద్ధకించకు. పుస్తకాలను గ్రంథాలయాలకు పంపాలనే 1954 చట్టం ప్రకారం, ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి పంపాల్సిన కాపీని కూడా మరిచిపోవద్దు.

నీ రాత సంగతి అడిగావు. రోజంతా ఇతరుల వాక్యాలు దిద్దితే సొంత వాక్యం ఎండిపోతుందేమోనని భయపడుతున్నావు. ఉద్యోగం ఏదైనా సమయాన్ని తింటుంది, ఇదీ తింటుంది. పొద్దున ఆఫీసుకు ముందు గంట నీది చేసుకో. నీ పుస్తకాన్ని మాత్రం నువ్వు పనిచేసే సంస్థ నుంచి తేకు. ఎంత బాగున్నా నీ కుర్చీ వల్ల వచ్చిందంటారు. పైగా, వద్దని చెప్పే మనిషి లేనిచోట అచ్చయిన పుస్తకం నీకు మేలు చెయ్యదు. నువ్వు వేరేవాళ్ల రాతప్రతి తిప్పి పంపేటప్పుడు మాత్రం నెలల తరబడి నాన్చకు. ఎందుకు వద్దన్నావో మూడు ముక్కల్లో రాయి. రాసినవాళ్లకు ఆ మౌనం ఎంత కష్టమో నీకు తెలుసు.

ఇంటర్వ్యూకి వెళ్తున్నానన్నావు కదా. జీతం మాట తేల్చుకున్నాక వాళ్ల కేటలాగ్ ఇమ్మను. పదేళ్ల కిందట వేసిన పుస్తకాలు నాలుగింటి పేర్లు చూపించి, వీటిలో ఇప్పుడు దొరికేవి ఏవి, మిగతావి ఎందుకు ఆగాయని అడుగు. లేచి గోడౌన్‌లోకి తీసుకెళ్లి చూపించేవాళ్లయితే, జీతం కాస్త తక్కువైనా చేరిపో. ఏం చెప్పారో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు